మొదటి వరుసలో నా పేరు

పని

ఇంటర్నెట్‌లో ఎవరైనా ఏదైనా వెతికితే, అక్కడ వచ్చే వరుసలో మన సైటు అందరికంటే పైన కనబడాలి. అందుకోసం చేసే పనిని ఎస్‌ఈవో అంటారు. ఏలూరు పవర్‌పేటలో ఒక మేడ మీది ఆఫీసులో నేను ఉద్యోగం మానేసేదాకా చేసింది ఆ పనే. మా వీధిలో వాళ్లకి విడమరిచి చెప్పలేక, అడిగినవాళ్లతో "కంప్యూటర్ పనండీ" అనేదాన్ని. దాంతో పాడైపోయిన కంప్యూటర్లు మా గుమ్మంలోకి తెచ్చి పెట్టేవారు.

ఈ మధ్య తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీవాళ్లు ఆఖరి ఏడాది పిల్లలతో మాట్లాడమని పిలిచారు. మాట్లాడటం అయ్యాక ప్రశ్నలు అడగమన్నాను. "తొందరగా పైకి రావాలంటే ఏం చేయాలి మేడం?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆ తర్వాత లేచినవాళ్లందరూ అదే ప్రశ్నని రకరకాలుగా అడిగారు. పైకి వచ్చాక చదివేవాడికి ఏం చూపించాలని మాత్రం ఒక్కరూ అడగలేదు. వాళ్లు పిలిచి శాలువా కప్పారు కదాని ఆ రోజు మర్యాదగా ఏదో చెప్పి బస్సెక్కేశాను. అక్కడ చెప్పకుండా మింగేసిందే ఇప్పుడు రాస్తున్నాను.

ఈ పనిలోకి రావద్దని నేను చెప్పను. మీరేం అమ్ముతున్నారో తెలుసుకుని రండి. మనం వెబ్‌సైటు అమ్మం. కింద ఎక్కడో కూర్చుని, అవసరంలో ఉండి, ఫోనులో నాలుగు ముక్కలు కొట్టే మనిషి ఉంటాడు చూడండి, వాడి నమ్మకాన్ని అమ్ముతాం. పైన కనబడిందంటే నిజమే అయ్యుంటుందని వాడు అనుకుంటాడు. మన జీతాలన్నీ ఆ ఒక్క అనుకోవడంలోంచే వస్తాయి.

తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు

నేను మొదట ఒక పేపర్లో సబ్ ఎడిటర్‌ని. మా జిల్లా ఎడిషన్ ఎత్తేసి బెజవాడ రమ్మన్నారు, నేను వెళ్లలేకపోయాను. అప్పుడు ఉద్యోగం ఇచ్చినవాడు శ్రీధర్. తాడేపల్లిగూడెం కుర్రాడు, నాకంటే చాలా చిన్నవాడు. హైదరాబాద్‌లో కొన్నాళ్లు పనిచేసి వచ్చి, ఏలూరులో సొంతంగా వెబ్‌సైట్ల ఆఫీసు పెట్టుకున్నాడు. "మీకు తెలుగు వచ్చు, నాకు కంప్యూటర్ వచ్చు. నాకు రానిది మీరు రాయండి, మీకు రానిది నేను నేర్పుతాను మేడం" అన్నాడు. అన్నట్టే నేర్పాడు. అతని మీద ఇప్పుడు ఎంత కోపం ఉన్నా ఈ మాట దాచను.

నేను చేరిన కొత్తలోనే గూడెం నుంచి ఒక రైస్‌మిల్లు సామాన్ల వ్యాపారి మండిపడుతూ మెట్లెక్కి వచ్చాడు. "మా షాపు పేరు కొట్టినా మా షాపు రావట్లేదండీ! అసలు మేం బతికున్నామా పోయామా?" అన్నాడు.

జరిగిందేమిటంటే, నేను రాకముందు శ్రీధర్ ఆ సైటు అడుగున తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో వందల మాటలు పెట్టాడు. మోటార్లు, బెల్టులు, జల్లెళ్లు, చుట్టుపక్కల ఊళ్ల పేర్లు. మనిషికి కనబడవు, సెర్చ్ ఇంజిన్‌కి కనబడతాయి. ఆ రోజుల్లో దాంతో సైటు పైకి వచ్చేది. తర్వాత సెర్చ్ ఇంజిన్ ఆ మోసం పట్టుకుని సైటునే వరుసలోంచి తీసేసింది.

శ్రీధర్ దాచలేదు. ఆ పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తప్పు తనదేనని చెప్పి, ఆ దాచిన మాటలన్నీ తీయించి, సైటు మళ్లీ వరుసలోకి వచ్చేదాకా వెంటపడి పనిచేశాడు. ఆయన వెళ్లిపోయాక నాతో అన్నాడు: "ఇంజిన్ని మోసం చేస్తున్నా అనుకున్నాను మేడం. దెబ్బ ఆయనకి తగిలింది. ఇక మన ఆఫీసులో మనిషికి చూపించనిది ఇంజిన్‌కి చూపించొద్దు."

ఎస్‌ఈవోలో నీతి అని పెద్ద పుస్తకాలు రాస్తారు. అందులో ఉన్న సారమంతా ఆ మాటలో ఉంది.

కొన్నాళ్లు ఆ మాట మీదే నిలబడ్డాడు. ఒక మోటార్ల రిపేరు కంపెనీవాడు వచ్చి, నల్లజర్ల, దెందులూరు, ఇలా మండలానికి ఒక పేజీ చేసి అన్నిట్లో "మీ ఊళ్లోనే మా బ్రాంచి" అని పెట్టమన్నాడు. వాడికి ఉన్నదల్లా ఏలూరులో ఒక గది. "నల్లజర్లలో నారుమడి ఎండుతుంటే మీ మెకానిక్ పక్కవీధిలోంచే వస్తాడని ఎదురుచూస్తాడండీ రైతు. మా వల్ల కాదు" అని శ్రీధర్ పంపించేశాడు. డబ్బిచ్చి పొగడ్తలు రాయిస్తామని వచ్చిన ఆసుపత్రివాళ్లనీ అలాగే పంపించాడు. వాళ్లందరికీ విజయవాడలో వేరే ఆఫీసులు దొరికాయి, అందరూ పైకే వచ్చారు. ఏదో ఒకరోజు పట్టుబడతారులే అని మేం అనుకునేవాళ్లం. కొందరు పట్టుబడ్డారు కూడా. అప్పటికే సంపాదించుకోవాల్సింది సంపాదించుకున్నారు. తప్పుదారిన వెళ్తే ఇంజిన్ శిక్షిస్తుందని మీకు క్లాసులో చెబుతారు. శిక్షిస్తుంది, కానీ ఎప్పుడన్నది దాని ఇష్టం. ఆ భయాన్ని నమ్ముకుని ఎవరూ మంచివాళ్లుగా మిగలరు.

తెల్లమచ్చ పేజీ

మా చుట్టూ ఉన్నవన్నీ చెరువులే కదా. దెందులూరు దాటాక కొల్లేటివైపు ఎటు చూసినా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. రైతుల కోసం తెలుగులో ఒక సైటు పెడదామని శ్రీధర్‌కి ఆలోచన వచ్చింది. పేజీల పక్కన ప్రకటనలు వేసుకుంటాం, లోపలి రాత జోలికి ఎవరినీ రానివ్వం. ఇదీ ఒప్పందం. రాసే పని నాది.

నాకు రొయ్య గురించి తినడం తప్ప ఏమీ తెలియదు. అందుకని ప్రకాశం గారి దగ్గరికి వెళ్లాను. చేపల శాఖలో పనిచేసి రిటైరైన ఆయన, మా చర్చిలోనే కనబడతారు. నేను రాసిన ప్రతి పేజీ ఆయన చదివి దిద్దేవారు. ఒక్క మాట అనుమానంగా ఉన్నా ఊరుకునేవారు కాదు. "ఇది చదివి వాడు చెరువులో ఏదో కలుపుతాడమ్మా. మనం కలిపినట్టే" అనేవారు.

అలా రాసినవాటిలో ఒకటి తెల్లమచ్చ గురించి. రొయ్యకి వచ్చే వైరస్ అది. తల పెంకు మీద తెల్లటి చుక్కలు వస్తాయి, రొయ్యలు మేత మానేస్తాయి, గట్టు వారకి చేరి నెమ్మదిగా తిరుగుతాయి. ఇక చెరువు మొత్తం పోవడానికి ఎన్నో రోజులు పట్టదు. దానికి మందు లేదు.

ఆ చివరి మాట పేజీలో ఎక్కడ పెట్టాలా అని నేను ఆలోచిస్తుంటే ప్రకాశం గారు అన్నారు: "పైనే పెట్టమ్మా. వాడు గట్టు మీద నిలబడి చదువుతాడు. కింద దాకా చదివే ఓపిక ఉండదు."

పైనే పెట్టాం. "దీనికి మందు లేదు. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి. రొయ్య అమ్ముడుపోయే సైజులో ఉంటే వెంటనే పట్టేయండి. చెరువు నీళ్లు డ్రెయిన్‌లోకి వదలకండి, ముందు బ్లీచింగ్ చేయండి. పక్క చెరువుల వాళ్లకి ఈరోజే చెప్పండి." కింద రాసిందెవరో, సరిచూసిందెవరో పెట్టాం. మేరీ సుశీల, ప్రకాశం.

ఆ పేజీ పైకి రావడానికి నేను దొడ్డిదారి ఏదీ తొక్కలేదు. రైతు ఏ మాటలతో వెతుకుతాడో ఆ మాటలే శీర్షికలో పెట్టాను. పాత ఫోనులో కూడా తొందరగా తెరుచుకునేలా బరువైన బొమ్మలు తీసేయించాను. తెల్లమచ్చకీ, మామూలు మచ్చకీ తేడా తెలిసే ఫోటోలు ప్రకాశం గారి దగ్గర తీసుకుని పెట్టాను. రైతులు ఫోను చేసి అడిగిన ప్రశ్నలకి జవాబులు చేరుస్తూ వచ్చాను. చెరువు నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లవాళ్లు, రైతు సంఘాలవాళ్లు తమంతట తామే తమ సైట్లలో ఆ పేజీకి లింకు ఇవ్వడం మొదలెట్టారు. ఒక ఏడాది తిరిగేసరికి తెలుగులో ఎవరు ఆ జబ్బు గురించి వెతికినా మొదటి వరుస మాదే. నిజాయితీగా చేస్తే ఆలస్యంగా వస్తుంది, వస్తే గట్టిగా ఉంటుంది అని నేను అందరికీ చెప్పుకుని తిరిగాను. గట్టిగా ఉండటం వల్ల ఏం జరుగుతుందో అప్పటికి నాకు తెలియదు.

సత్యనారాయణ గారు

ఒక మధ్యాహ్నం ఐసు వేసిన సంచీతో ఒకాయన ఆఫీసుకి వచ్చారు. "సుశీలమ్మ గారంటే మీరేనాండీ?" అన్నారు. దెందులూరు పక్క ఊరు, పేరు సత్యనారాయణ. సొంత చెరువు ఒకటి, కౌలుకి ఇంకొకటి.

"మీరు రాసింది చూసి అదేరోజు పట్టేశామండీ. మా బావమరిది ఇంకో వారం చూద్దామన్నాడు, మందు వేద్దామన్నాడు. నేను ఫోను చూపించాను. లాభమేం రాలేదు గానీ మునిగిపోకుండా బయటపడ్డాం. పక్కవాళ్లకి కూడా చెప్పాను, వాళ్లూ జాగ్రత్తపడ్డారు. ఇవి కొత్త పంటవండీ, ఇంట్లో వండుకోండి."

నేను వద్దంటే నొచ్చుకునేలా ఉన్నారు, తీసుకున్నాను. ఆ సాయంత్రం వండుతూ మా ఆయనతో చెప్పాను, పేపర్లో పనిచేసినన్నాళ్లూ నా రాత వల్ల ఒక మనిషి కూడా బాగుపడినట్టు నాకు తెలియలేదని. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను సంతోషంగా ఇంటికి వచ్చిన రోజు అదొక్కటే బాగా గుర్తుంది.

తర్వాత ఆయన అప్పుడప్పుడు ఫోను చేసేవారు. నాకు తెలియనివి ప్రకాశం గారిని కనుక్కుని చెప్పేదాన్ని.

కంటి ఆపరేషన్

రిటైర్మెంట్ ఇంకా కొంచెం దూరంలో ఉండగా నాకు రెండు కళ్లకీ శుక్లాలు తీశారు. ఒకటయ్యాక ఒకటి. కంప్యూటర్, ఫోను కొన్ని వారాలపాటు చూడొద్దన్నారు. నల్లగా ఉండే కళ్లద్దాలు పెట్టుకుని, ఇంట్లో రేడియో వింటూ కూర్చున్నాను. శ్రీధర్ పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చాడు. "ఆఫీసు గురించి ఆలోచించకండి మేడం, అంతా బావుంది" అన్నాడు.

డాక్టర్ ఇక పనికి వెళ్లొచ్చన్న వారంలోనే సత్యనారాయణ గారు ఫోను చేశారు. గొంతు మారిపోయి ఉంది.

"అమ్మా, మీరు చెప్పినట్టే పొడి వేశాం. మూడు విడతలూ వేశాం. ఇంకా చచ్చిపోతున్నాయేంటమ్మా?"

"ఏం పొడండీ?"

"మీ పేజీలో ఉన్నదేనమ్మా. తెల్లమచ్చకి."

నేను ఫోను పెట్టకుండానే కంప్యూటర్ తెరిచాను. అదే అడ్రసు, అదే శీర్షిక, అవే ఫోటోలు. "దీనికి మందు లేదు" అన్న వాక్యం ఉన్నచోట "కంగారు పడకండి, సరైన చికిత్సతో చెరువును కాపాడుకోవచ్చు" అని ఉంది. దాని కింద ఒక కంపెనీ పొడి, వాడే పద్ధతి, ఆర్డర్ ఇచ్చే నంబరు. వెంటనే పట్టేయమన్న మాట లేదు. డ్రెయిన్‌లోకి నీళ్లు వదలొద్దన్న మాట లేదు. పక్కవాళ్లకి చెప్పమన్న మాట లేదు. అడుగున, ముందు ఉన్నట్టే, రాసింది మేరీ సుశీల, సరిచూసింది ప్రకాశం.

"అమ్మా, ఉన్నారా?" అన్నారు సత్యనారాయణ గారు.

"ఉన్నానండీ. ఆ పొడి ఆపేయండి. అది నేను రాసింది కాదు."

"మీ పేరే ఉందమ్మా" అన్నారాయన.

గట్టు మీద

మర్నాడు దెందులూరు బస్సెక్కాను. ఊళ్లో దిగి అడిగితే చెరువు చూపించారు. చూపించినాయన నాతో గట్టు దాకా రాలేదు, దూరం నుంచే చెయ్యి చాపి వెనక్కి తిరిగాడు. ఎందుకో తర్వాత తెలిసింది.

రెండు చెరువుల్లో ముందు జబ్బు పట్టినది అప్పటికే ఖాళీ చేసి ఉంది. అడుగున సున్నం చల్లారు. నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆపేసి గట్టు మీదికి లాగి పడేశారు. సత్యనారాయణ గారు, ఆయన భార్య వరలక్ష్మి గారు మోటారు షెడ్డులో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆయన లేచి, నవారు మంచం మీద కండువా పరిచి కూర్చోమన్నారు. అంత జరిగినా ఆ మర్యాద తప్పలేదు.

"మచ్చ కనబడ్డ రోజే మీ పేజీ తీశామమ్మా" అన్నారు. "అప్పటికి రొయ్య అమ్ముకునే సైజులోనే ఉంది. మావాళ్లు పట్టేద్దామన్నారు. నేనే ఆపాను. పోయినసారి సుశీలమ్మ గారు పట్టేయమన్నారు, ఈసారి మందు వచ్చిందంటున్నారు, ఆవిడ ఊరికే చెప్పరు అన్నాను."

వరలక్ష్మి గారు అప్పటిదాకా నావైపు చూడలేదు. "పొడి వేశాక నీళ్లు మార్చమని ఉందండీ అందులో" అన్నారు. "పాత నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలాం. కింద చెరువులవాళ్లు ఆ నీళ్లే తోడుకున్నారు. వాళ్లకీ అంటుకుంది. వాళ్లు మాతో మాట్లాడట్లేదు. మొన్న మా ఇంటిముందు నిలబడి, తెలిసే వదిలారని అరిచి వెళ్లారు."

"తెలియదని చెప్పలేదాండీ?"

"మందు వేస్తే తగ్గిపోయిందనుకున్నాం అని చెప్పాం. ఎవరు నమ్ముతారు?"

ఇంతకుముందు ఆ ఊళ్లో అందరినీ హెచ్చరించిన మనిషి ఆయన. ఇప్పుడు అదే ఊళ్లో తెగులు తెచ్చినవాడయ్యాడు. కౌలు చెరువు సొంతదారు ఇక ఇవ్వనని కబురు పంపాడు. ఆ పేజీ మార్చింది నేను కాదని, ఆ సమయంలో నేను కంటి ఆపరేషనై ఇంట్లో ఉన్నానని ఆయనకి చెప్పాను. ఆయన తలాడించి విన్నారు. వరలక్ష్మి గారు మాత్రం, "అయితే మీ పేరు పెట్టుకోవడానికి వాళ్లకి ఎలా కుదిరిందండీ?" అని అడిగారు. అదే ప్రశ్న పట్టుకుని ఏలూరు వచ్చాను.

పేరు తీస్తే పడిపోతుంది

శ్రీధర్ తన గదిలో ఉన్నాడు. తలుపు వేసి అడిగాను.

"పేజీ అమ్మేశారా?"

"అమ్మలేదు మేడం. ఈ సీజనుకి ఇచ్చాం. సైటు మీద ప్రకటనలు సరిపోవట్లేదు. ఇక్కడ ఇంతమందికి జీతాలివ్వాలి కదా."

"ఆ జబ్బుకి మందు లేదని మీకు తెలుసు. ఆ పేజీ కట్టింది మీరూ, నేనూ కలిసి."

"కంపెనీవాళ్లు టెస్టులు చేశామంటున్నారు. మనం డాక్టర్లం కాదు కదా మేడం."

"దెందులూరులో చెరువులు పోయాయి. నేను చూసి వస్తున్నాను."

కంప్యూటర్ వైపు తిరిగి ఆ పేజీ తెరిచి చూశాడు. ఆ కాసేపట్లో అతను పాత శ్రీధర్ అవుతాడేమో అని నేను నిజంగా ఎదురుచూశాను.

"అందరికీ పోతూనే ఉంటాయి మేడం. పేజీ చూడనివాళ్లకి కూడా పోయాయి" అన్నాడు.

"సరే. నా పేరు తీసేయండి. ప్రకాశం గారి పేరు తీసేయండి."

అప్పుడు అతను అన్న మాట నా ఉద్యోగం మొత్తానికి నాకు దొరికిన సర్టిఫికెట్. "పేరు తీస్తే ర్యాంకు పడిపోతుంది మేడం. ఇన్నేళ్లుగా ఇంజిన్ మీ పేరు మీద నమ్మకం పెట్టుకుంది. కంపెనీవాడు కొనుక్కుంది అదే."

అబద్ధపు పేజీ ఒకటి కొత్తగా పెడితే ఎవరికీ కనబడదు. వెతికితే వచ్చే వరుసలో ఎక్కడో పదో పేజీలో పడి ఉంటుంది. నేను ఏళ్ల తరబడి ఒక్క దొంగపని చేయకుండా పైకి తెచ్చిన పేజీ కాబట్టే, అది అంతమందికి చేరింది. మంచి పనికీ చెడ్డ పనికీ మధ్య గోడ ఉంటుందని మీకు చెబుతారు. నేను చూసినంతలో చెడ్డ పని మంచి పని ఎప్పుడు పూర్తవుతుందా అని కాచుకుని కూర్చుంటుంది.

ప్రకాశం గారి సంగతి వేరు. ఆయన పెద్ద అధికారిగా పనిచేశారు, లాయరు చేత నోటీసు ఇప్పించారు. ఆయన పేరు మర్నాడే తీసేశారు. నాది తీయలేదు. జీతం ఇచ్చి రాయించుకున్నది ఆఫీసుదేనట, పేరుతో సహా. ప్రకాశం గారు చర్చిలో నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు. నేను వెంట వెళ్లి చెప్పబోతే, "నువ్వు చేశావని అనట్లేదమ్మా. నా పేరు నీ చేతిలో పెట్టాను, అంతే" అన్నారు. తర్వాత మా మధ్య పలకరింపులే తప్ప మాటలు లేవు.

నేను ఉద్యోగం మానేశాను. వీడ్కోలు సభ చేస్తామన్నారు, వద్దన్నాను.

కాపీ

ఇంట్లో కూర్చుని సొంతంగా ఒక చిన్న సైటు పెట్టుకున్నాను. పాత పేజీ నా దగ్గర ఉంది, మాట మార్చకుండా పెట్టాను. ఎన్నాళ్లు చూసినా వరుసలో కనబడదు. కారణం నాకు తెలిసిందే, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి నేనే నేర్పేదాన్ని. అవే ఫోటోలు, సగానికి పైగా అవే వాక్యాలు పాత సైటులో ఎన్నో ఏళ్ల నుంచి ఉన్నాయి. నిన్నగాక మొన్న పుట్టిన సైటులో అవే కనబడితే ఇంజిన్ ఏమనుకుంటుంది? నేను దొంగిలించాననుకుంటుంది. నా పేజీ నాకే కాపీ అయింది.

మొత్తం తిరగరాశాను. కొత్త ఫోటోలు సంపాదించాను. కొంచెం పైకి వచ్చింది, నాలుగో పేజీలో ఆగింది. గట్టు మీద నిలబడి వెతికే మనిషి నాలుగో పేజీ దాకా రాడు. పాత పేజీ మీద సెర్చ్ ఇంజిన్‌వాళ్లకి ఫిర్యాదు పంపాను. అందినట్టు కూడా జవాబు రాలేదు. ల్యాబ్‌లవాళ్లకి ఒక్కొక్కరికీ ఫోను చేసి ఆ పేజీకి లింకు తీసేయమన్నాను. ఇద్దరు తీసేశారు. మిగతావాళ్లు "చూద్దాం మేడం" అన్నారు.

చివరికి ఇంజిన్ శ్రీధర్ సైటుని పట్టుకుంది. నా ఫిర్యాదు వల్ల కాదు, అలాంటి సైట్లన్నీ ఒక్కసారి తుడిచిపెట్టినప్పుడు ఇదీ పోయింది. నేను సంతోషించాలి. కానీ పోయింది ఒక్క తెల్లమచ్చ పేజీ కాదు. నీళ్ల పరీక్ష గురించి, మేత గురించి, రొయ్యపిల్లల సీడు కొనేటప్పుడు చూడాల్సినవాటి గురించి ప్రకాశం గారితో కూర్చుని రాసిన పేజీలన్నీ దాంతోపాటే పోయాయి. వాటిలో తప్పు లేదు, వాటిని విడిగా చూసే ఓపిక యంత్రానికి ఉండదు. శ్రీధర్ ఇంకో పేరుతో ఇంకో సైటు మొదలుపెట్టేశాడు. ఈసారి దాన్ని కట్టడానికి సబ్ ఎడిటర్ అవసరం కూడా లేదు, మిషనే రాస్తోందట.

మీరు ఈ పనిలోకి వస్తే నా మాటగా రెండు సంగతులు వినండి. మీ పేరు పెట్టి రాసే పేజీని మీకు తెలియకుండా మార్చకూడదని ఉద్యోగంలో చేరేరోజే రాయించుకోండి. నవ్వితే నవ్వనీండి. రెండోది, పైకి తెచ్చాక పని అయిపోయిందనుకోకండి. పైన ఉన్న పేజీని ఎవరో ఒకరు రోజూ చదివి చూసుకోవాలి. నేను కళ్లు మూసుకున్న నాలుగు వారాలు వాళ్లకి చాలాయి.

మళ్లీ ఫోను

సత్యనారాయణ గారు కౌలు చెరువు పోగొట్టుకున్నా సొంత చెరువులో మళ్లీ సీడు వేశారు. కింద చెరువులవాళ్లతో ఊరిపెద్దలు కూర్చోబెట్టి మాట్లాడించారట, పలకరింపులు మొదలయ్యాయట. ఆయనే ఒకసారి ఫోను చేసి చెబితే నాకు కొంచెం ఊపిరి ఆడింది.

పోయిన పంటకాలంలో ఒక ఉదయం ఆయన నంబరు కనబడింది.

"అమ్మా, చెక్ ట్రేలో వేసి చూసిన మేత అలాగే మిగిలిపోతోంది. గట్టు వారకి వస్తున్నాయి. తల మీద చుక్కలు ఉన్నాయి."

"రొయ్య ఎంత సైజుందండీ?"

చెప్పారు. పెద్ద ధర రాదు, అమ్ముడుపోతుంది.

"సత్యనారాయణ గారూ, ఈరోజే పట్టేయండి. ఆలోచించకండి. నీళ్లు డ్రెయిన్‌లోకి వదలకండి. కిందవాళ్లకి ఇప్పుడే వెళ్లి చెప్పండి."

అవతల ఏరియేటర్ చప్పుడు వినబడుతోంది. తర్వాత ఎంతో మెత్తగా, నన్ను నొప్పించకూడదన్నట్టు అడిగారు.

"ఏమీ అనుకోకండమ్మా. ఇప్పుడు పట్టేయమంటున్నారు కదా. ఏ కొనుగోలుదారు తరఫున చెబుతున్నారండీ?"

"ఎవరి తరఫునా కాదండీ" అన్నాను.

"అలాగేనమ్మా" అన్నారాయన. "ఉంటానండీ" అని ఫోను పెట్టేశారు.

ఆ రోజు ఆయన చెరువు పట్టలేదు.